రుద్దితే పోయేదేమిటి, పోనిదేమిటి?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

పిల్లలు బళ్లకీ, మగవాళ్లు ఆఫీసులకీ వెళ్లి, వంటిల్లు సర్దుకుని, మనం కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ పూట వంటల గురించీ, కుట్టుపని గురించీ కాకుండా మన ఒంటి గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

కిందటి నెల మా ఎదురింటావిడ ఒక వస్తువు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమెరికాలో వున్న వాళ్ల కోడలు పంపిందిట. అరచెయ్యంత చెక్క, దానికి గట్టి కుచ్చులు, మూరెడు పిడి. "వదినగారూ, రోజూ పొద్దున్నే స్నానానికి ముందు, నీళ్లు తగలకుండా, నూనె రాయకుండా, పొడి ఒళ్లు దీంతో రుద్దుకోవాలిట. ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయిట. తొడల దగ్గర కొవ్వు కరుగుతుందిట. చాయ కూడా వస్తుందిట!" అన్నారు.

మా అత్తగారు పక్కనే కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆవిడకి ఎనభై దాటాయి. ఆ బ్రష్షు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మా చిన్నప్పుడు జట్కా గుర్రాన్ని తోమే బ్రష్షు అచ్చం ఇలాగే వుండేది తల్లీ" అని తిరిగి ఇచ్చేశారు.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ వెళ్లాక ఆ మాటలు నా మనసులోంచి పోలేదు. ఒళ్లు రుద్ది చాయ తెప్పిద్దామని చూసి నేనొకసారి గట్టి దెబ్బ తిన్నాను. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. మెట్రిక్ దాకా చదువుకుని, ఇల్లు దిద్దుకుంటున్న గృహిణిని. డాక్టర్లని అడిగి తెలుసుకున్నవీ, చదివినవీ, ఇంట్లో చూసినవీ మీ ముందు పెడుతున్నాను.

అసలు రుద్దితే ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు చర్మం అంటే ఏమిటో తెలియాలి. మన ఒంటిమీది చర్మాన్ని పరిచి కొలిస్తే సుమారు రెండు చదరపు గజాలు వుంటుంది. అంటే దాదాపు రెండు రవికె గుడ్డలు. ఈ గుడ్డ అన్నిచోట్లా ఒకే మందం కాదు. పైపొరనే తీసుకుంటే, కనురెప్ప మీద మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వుంటుంది. అరికాలిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా వుంటుంది. పట్టుచీరనీ, గోనెపట్టానీ ఒకే బండమీద ఒకేలా బాదుతామా? మడమని రుద్దినట్టు మెడని రుద్దకూడదని దీన్నిబట్టే తెలియడంలేదూ!

ఈ పైపొర అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతూ వుంటాయి. అవి మెల్లిగా పైకి జరుగుతూ వస్తాయి. పైకి చేరేసరికి ప్రాణం పోయి, ఎండి, పల్చటి పొలుసులై రాలిపోతాయి. ఈ ప్రయాణానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. వయసు మీరేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. తలంటి రోజున నలుగు పెట్టుకుంటే వత్తులు వత్తులుగా రాలుతుందే, దాన్ని చూసి "అబ్బ, ఎంత మురికి పట్టిందో!" అంటాం. అందులో మురికి కొంతే. ఈ చచ్చిన పొలుసులు కూడా అందులో వుంటాయి. మనం రుద్దినా రుద్దకపోయినా అవి రాలేవే. రుద్దితే కొంచెం ముందుగా, ఒక్కసారిగా రాలతాయి, అంతే తేడా. అలా రాలినప్పుడు చెయ్యి వేస్తే చర్మం నున్నగా తగులుతుంది. నూనె రాస్తే సమంగా పడుతుంది. ఇది నిజంగా కలిగే లాభం.

అయితే చచ్చిన పొరే కదా అని పూర్తిగా గీకి పారేద్దామనుకోకండి. ఆ పొర ఇంటికి గోడ లాంటిది. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య వుండే జిడ్డు సున్నం. లోపలి తడి బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపాడేది అదే. పొడి ఒంటిమీద గట్టి కుచ్చులతో రోజూ రుద్దితే సున్నం వూడిన గోడే అవుతుంది. ఒళ్లు పొడిబారుతుంది, మండుతుంది, దురద పెడుతుంది. దురద పెట్టిందని ఇంకా రుద్దుతాం. ఇంక దానికి అంతూ పొంతూ వుండదు.

ఈ రుద్దుకోవడం అమెరికా వాళ్లు మనకి నేర్పిందేమీ కాదు. వాగ్భటుడి అష్టాంగహృదయంలో దినచర్య గురించి చెప్పేచోట నూనె అంటుకోవడం, వ్యాయామం, ఆ తర్వాత ఉద్వర్తనం, స్నానం, ఇలా వరస వుంది. ఉద్వర్తనం అంటే పొడులతో ఒళ్లు రుద్దుకోవడం. మన ఇళ్లలో నలుగు దానికి చుట్టమే. నరకచతుర్దశికీ, భోగికీ, పెళ్లికూతుర్ని చేసేటప్పుడూ నలుగు లేకుండా జరుగుతుందా?

మన పెద్దవాళ్ల పద్ధతిలో ఒక తెలివి వుంది, గమనించండి. ముందు నూనె రాస్తారు. నూనె పొలుసుల్ని మెత్తబరుస్తుంది. ఆ మీద పెసరపిండి, సెనగపిండి, బావంచాలు, కచోరాలు కలిపిన సున్నిపిండి రుద్దుతారు. పిండి ఆ నూనెనీ, మురికినీ పీల్చుకుని, పొలుసుల్ని తనతోపాటు తీసుకుపోతుంది. చర్మానికీ చేతికీ మధ్య నూనె వుండడంవల్ల ఒరిపిడి తక్కువ. రుద్దేది మన చెయ్యే కాబట్టి ఎంత నొక్కుతున్నామో మనకి తెలుస్తుంది. మూరెడు పిడి వున్న బ్రష్షుకి ఆ తెలివి వుండదు. అందుకని ఇంట్లో నలుగు అలవాటున్న వాళ్లకి ఆ బ్రష్షు లేని లోటేమీ లేదు. పిండి మాత్రం మెత్తగా పట్టించి, జల్లించి వాడండి. రవ్వగా వుంటే అదీ గీరుతుంది.

ఇప్పుడు మా ఎదురింటావిడ చెప్పిన మూడు మాటలూ ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, విషాలు పోవడం. ఈ మాటకీ పాత చరిత్ర వుంది. జర్మనీలో లూయీ కూనే అనే ఆయన జబ్బులన్నిటికీ మూలం ఒంట్లో చేరిన పరాయి పదార్థమేననీ, నీటి చికిత్సతో దాన్ని బయటికి పంపాలనీ చెప్పారు. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్యం ఆ పుస్తకంతోనే మొదలైందంటారు. గాంధీగారు కూడా కూనే పద్ధతిని ఇష్టపడ్డారు. మితాహారం, నడక, చన్నీళ్లు, గాలీ వెలుతురూ, ఇలాంటి మంచి అలవాట్లెన్నో ఆ ఉద్యమం మనకి ఇచ్చింది, కాదనను. కానీ ఒంట్లో తయారయ్యే చెడుని వేరుచేసి పంపే పని కాలేయానిదీ, మూత్రపిండాలదీ. చెమటలో పోయేది చాలావరకు నీళ్లూ, ఉప్పూ. పైపొలుసులు రుద్దినంత మాత్రాన లోపలి విషాలు బయటికి రావు. "శోషరసం కదులుతుంది" అని కూడా కొందరంటారు. ఆ రసం మనం నడిచినప్పుడూ, కాళ్లూ చేతులూ ఆడించినప్పుడూ, గట్టిగా వూపిరి పీల్చినప్పుడూ దానంతట అదే కదులుతుంది. కాళ్లు వాచాయంటే బ్రష్షు కోసం వెతక్కండి, డాక్టరు దగ్గరకి వెళ్లండి. గుండెలోనో, మూత్రపిండాల్లోనో లోపం వుండి వాపు వచ్చిందేమో చూడాలి.

రెండోది, కొవ్వు కరగడం. తొడలమీద గుంటలు గుంటలుగా కనిపించే కొవ్వు చర్మం అడుగున వుంటుంది. చాపమీద తుడిస్తే చాప కింద దుమ్ము పోతుందా? రుద్దినప్పుడు రక్తం చర్మంలోకి వచ్చి కాసేపు ఎర్రబడి, కొంచెం నిండుగా కనిపిస్తుంది. అరగంటకి మళ్లీ మామూలే.

మూడోది, చాయ. ఇక్కడే నా కథ చెప్పాలి.

మా రెండో అమ్మాయిది చామనచాయ. డిగ్రీ పూర్తయిన ఏడు సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాం. వచ్చినవాళ్లలో ఒకరు ఫలహారాలన్నీ కానిచ్చి వెళ్లి, మధ్యవర్తితో "పిల్ల లక్షణంగా వుంది గానీ చాయ కాస్త తక్కువ" అని కబురు పంపారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వాళ్లకి బుద్ధి చెప్పాల్సింది పోయి, బజారుకి వెళ్లి నైలాను పీచు కొనుక్కొచ్చాను. ఆర్నెల్లపాటు రోజూ దాని వీపూ, భుజాలూ, చేతులూ, కాళ్లూ నేనే కూచోబెట్టి రుద్దాను. "అమ్మా, మండుతోందే" అనేది. "ఓర్చుకో, నీ మంచికే" అనేదాన్ని.

ఆర్నెల్లు తిరిగేసరికి మెడకింది ఎముకల మీదా, రెక్కల ఎముకల మీదా, మోకాళ్ల కింద ముందువైపూ నల్లటి మచ్చలు తేలాయి. ఏటి ఇసకలో అలల గుర్తులుంటాయి చూడండి, అలా చారలు చారలుగా వున్నాయి. మురికి పట్టిందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఇంకా నల్లబడ్డాయి. పిల్ల మెడ కనబడే రవికెలు మానేసింది. ఎండాకాలంలో కూడా నిండు చేతులే. చివరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్లాను. ఆవిడ ఆ మచ్చలమీద వేలితో రాసి చూసి, మొట్టమొదట అడిగిన మాట, "దీన్ని దేనితో రుద్దుతున్నారు?"

నాకు నోట మాట రాలేదు.

అప్పుడావిడ విడమర్చి చెప్పింది. చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసే కణాలు పైపొర అడుగున వుంటాయి. పీచు అక్కడిదాకా చేరదు. చేరిందంటే రక్తమే వస్తుంది. ఆ రంగు మురికి కాదు, ఎండనించి చర్మాన్ని కాపాడే గొడుగు. పదేపదే ఒరిపిడి తగిలితే చర్మం "నా మీద దాడి జరుగుతోంది" అనుకుని ఆ గొడుగుని ఇంకా విప్పుతుంది. మన ఒంటి రంగు వాళ్లలో ఇది మరీ ఎక్కువ. అడుగున మెత్తటి కండ లేకుండా ఎముక వున్నచోట పీచు గట్టిగా ఒరుసుకుంటుంది కాబట్టి మచ్చలు అక్కడే వస్తాయి. నైలాను తువ్వాళ్లతో రుద్దుకునే వాళ్లకి ఇలాంటి మచ్చలు రావడం 1980లలోనే జపాను డాక్టర్లు గమనించి రాశారుట. మందు ఏమిటని అడిగితే, "మొదటి మందు ఆ పీచు పారెయ్యడం. రెండోది ఓపిక" అంది.

రెండేళ్లయింది. మచ్చలు సగానికి సగం తగ్గాయి. సగం ఇంకా వున్నాయి. నల్లదనం పోగొడదామని రుద్ది, లేని నలుపు తెచ్చిపెట్టింది కన్నతల్లినైన నేనే. ఈ మాట రేడియోలో చెప్పడానికి సిగ్గుగానే వుంది. అయినా ఇది వింటున్న తల్లుల్లో ఒక్కరైనా పీచు కింద పెడితే నా సిగ్గుకి ఫలితం దక్కినట్టే.

చంటిపిల్లల సంగతి కూడా చెప్పాలి. పుట్టిన బిడ్డ ఒంటిమీద నూగు వుంటుంది. అది పోవాలని పిండిముద్దలు పెట్టి రుద్దుతాం, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ నూగు కొద్ది వారాల్లో దానంతట అదే రాలిపోయేదే. పసిపిల్లల చర్మం మనకంటే పల్చన. నూనె రాసి, మెత్తగా ఒళ్లు నిమిరి, గోరువెచ్చటి నీళ్లు పోస్తే చాలు.

"అయితే అసలు రుద్దుకోవడమే మానెయ్యమంటావా?" అని మీరు అడగవచ్చు. అలా అనను. పద్ధతి తెలిసి చేసుకుంటే హాయిగానే వుంటుంది. ఆ పద్ధతి చెప్తాను, వినండి.

వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఒక్కొక్కసారికి ఐదు నిమిషాలు దాటకూడదు. నైలానూ, ప్లాస్టిక్కూ వద్దు. మెత్తటి కుచ్చుల బ్రష్షు గానీ, కాస్త గరుకుగా వుండే నూలు తువ్వాలు గానీ తీసుకోండి. బీరపీచు పొడిగా వున్నప్పుడు ముల్లులా వుంటుంది. దాన్ని నానబెట్టి, సబ్బు నురగతో తడి ఒంటిమీద వాడుకోవడమే మేలు. ముందుగా ముంజేతి లోపలివైపు రెండుసార్లు రాసి చూసుకోండి. గీతలు పడినా, మండినా ఆ బ్రష్షు మీకు పనికిరాదు.

స్నానానికి ముందు పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, ఆ తర్వాత చేతులు, భుజాలు, ఇలా కింది నించి పైకి రండి. పొట్టమీద మెల్లిగా గుండ్రంగా తిప్పండి. ఒక్కొక్కచోట మూడు నాలుగుసార్లు చాలు. ఎముకలు తగిలేచోట చెయ్యి ఇంకా తేలిగ్గా వుండాలి. ముఖం, మెడ ముందుభాగం, చనుమొనలు, మర్మస్థానాలు ముట్టుకోవద్దు. చర్మం లేత గులాబీ రంగుకి వస్తే ఆపెయ్యండి. ఎర్రబడేదాకా రుద్దితే ఎక్కువైనట్టే.

తర్వాత గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. పొగలు కక్కే నీళ్లు వున్న జిడ్డుని కూడా కడిగేస్తాయి. తువ్వాలుతో అద్దుకోండి, తోమకండి. ఒళ్లు కాస్త చెమ్మగా వుండగానే కొబ్బరినూనె గానీ, అలవాటున్న మరే నూనె గానీ పల్చగా రాసుకోండి. పుష్యమాసపు చలిగాలికి కాళ్లు పొలుసులు లేచేవాళ్లకి ఈ ఆఖరి పని ముఖ్యం. నన్నడిగితే రుద్దడంకంటే ఇదే ఎక్కువ గుణం చేస్తుంది.

బ్రష్షు ఎవరిది వారిదే. అమ్మదీ, కూతురిదీ ఒకటి కాకూడదు. వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. తడి బాత్రూములో వేలాడదీస్తే అందులో క్రిములు కాపరం పెడతాయి.

కొందరు దీని జోలికి పోకూడదు. గజ్జి, తామర, సోరియాసిస్ వున్నవాళ్లు, ఒంటిమీద పుళ్లు, చెమటపొక్కులు, చీము మొటిమలు వున్నవాళ్లు, ఎండకి కమిలినవాళ్లు మానుకోవాలి. పులిపిర్లు వున్నచోట రుద్దితే పక్కలకి పాకుతాయి. కాళ్లమీద నరాలు వుబ్బి మెలికలు తిరిగినచోట రుద్దకూడదు. ఇక చక్కెర జబ్బు వున్నవాళ్లు మరీ జాగ్రత్తగా వుండాలి. మా బంధువుల్లో ఒకావిడ మడమల పగుళ్లు పోవాలని ఇటుకరాయితో తెగ రుద్దారు. పాదాలకి స్పర్శ తగ్గివుండడంవల్ల చర్మం లేచిపోయినా తెలియలేదు. మర్నాడు దుప్పటిమీద మరక చూసి తెలుసుకున్నారు. ఆ పుండు మానడానికి రెండునెలలు పట్టింది. కాలు దక్కిందని దణ్ణం పెట్టుకున్నాం.

ఇంతా చెప్పి, రుద్దుకోవడంవల్ల అసలు లాభమేమిటో చెప్పకపోతే ఎలా? ఇంట్లో అందరి ఒళ్లూ మనకి తెలుసు. పిల్లాడి వీపుమీద కురుపు లేచినా, మావారికి కాలిమీద దద్దురు వచ్చినా ముందు చూసేది మనమే. మన ఒంటిని మాత్రం మనం చూసుకోం. నాలుగు చెంబులు గబగబా పోసుకుని, పొయ్యిమీద పాలు పొంగుతాయేమోనని పరుగెత్తుకొస్తాం. వారంలో ఒక్కరోజు ఐదు నిమిషాలు తలుపు గడియ వేసుకుని, పాదం నించి భుజందాకా మెల్లిగా చెయ్యి పోనిస్తే ఎన్నో తెలుస్తాయి. వేళ్ల సందుల్లో పుండు కనిపించవచ్చు. పెరుగుతున్న పుట్టుమచ్చ కనిపించవచ్చు. రొమ్ములోనో, చంకలోనో గడ్డ చేతికి తగలవచ్చు. ముట్టుకున్నా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ వుండవచ్చు. అలాంటి మచ్చ కుష్ఠువ్యాధికి మొదటి గుర్తు కావచ్చు. తొలిదశలో పట్టుకుంటే మందులతో పూర్తిగా నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఇవేవీ బ్రష్షు నయం చేసేవి కావు. కానీ ఆ ఐదు నిమిషాలు వాటిని మనకి చూపిస్తాయి. చూశాక దాచుకోకుండా డాక్టరుకి చెప్పాలి.

కాబట్టి అక్కయ్యలూ, రుద్దితే పోయేవి ఎండిన పొలుసులు, కాస్త బడలిక. పోనివి విషం, కొవ్వు, రంగు. రంగు పోవాల్సిన అవసరమూ లేదు. పోవాల్సింది "చాయ తక్కువ" అనే ఆ మాట. దానికి పీచు మన మనసుల్లో పెట్టాలి.

మా ఎదురింటావిడకి ఇదంతా చెప్పాను. బ్రష్షు పారెయ్యలేదుగానీ, ఇప్పుడు ఆదివారాలు మాత్రమే తీస్తున్నారుట. విషాల మాట ఎత్తడం మానేశారు.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఆదివారం తలంటి రోజున నాకు వీపు అందదని తనే వచ్చి నలుగు రుద్దుతుంది. మొన్న రుద్దబోయే ముందు నా భుజంమీద చెయ్యి వేసి, "మండితే చెప్పమ్మా" అంది.

ఆర్నెల్లపాటు నేను దానికి చెప్పని మాట అదే.